డబ్బులు పడ్డాయి.. కానీ మనవి కావు

మంగళవారం పొద్దున్న ఆఫీసు స్టాండప్ మీటింగ్‌లో ఉండగా పిన్ని ఫోన్. కట్ చేశాను. మళ్లీ చేసింది. మా పిన్ని వెంటనే రెండోసారి చేసిందంటే ఎవరికన్నా ఒంట్లో బాగోకపోయి ఉండాలి, లేదంటే ఫోన్లో ఏదో నొక్కకూడనిది నొక్కి ఉండాలి. మ్యూట్‌లో పెట్టి బయటికొచ్చాను.

“ఒరేయ్, నాలుగు ఆర్డర్లు పంపాను. వారం దాటింది. ఒక్క రూపాయి పడలేదురా” అంది.

లాప్‌టాప్ తెరిచి పేమెంట్ కంపెనీ డాష్‌బోర్డు చూశాను. నాలుగు ఆర్డర్లూ ఉన్నాయి. నాలుగింటి డబ్బూ వచ్చింది. వచ్చినది వచ్చినట్టే వెనక్కి పోయింది. పక్కన ఎర్రక్షరాల్లో మైనస్ గుర్తు, దాని పక్కన ఒక మాట: ‘డిస్ప్యూట్, లాస్ట్’. రెండు నెలల కిందటి ఒక ఆర్డరు తాలూకు 18,400 రూపాయలు మేం ఓడిపోయామట. పోటీ జరిగిందనే తెలీదు నాకు, ఇక ఓడిపోవడమేంటి?

విషయం మొదట్నుంచీ చెప్తాను. ఎందుకంటే ఇది చదివేవాళ్లలో ఇన్‌స్టాలో నగలో, కేకులో, పచ్చళ్లో, క్యాండిల్సో అమ్మేవాళ్లు కచ్చితంగా ఉంటారు. లేదా మీ ఇంట్లో ఎవరో అమ్ముతుంటే “టెక్నికల్ పని నేను చూసుకుంటాలే” అని నాలాగా ఛాతీ చరుచుకున్నవాళ్లన్నా ఉంటారు.

పిన్నిది నరసాపురం. అక్కడ లేసు అల్లడం తరతరాల పని. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త ఈ ఊరి లేసు అల్లే ఆడవాళ్ల మీద 1982లోనే ఇంగ్లీషులో ఓ పుస్తకం రాసింది. ఇంట్లో కూర్చుని ‘ఖాళీ టైములో’ చేసే పని కింద లెక్కగట్టి, చేసినవాళ్ల చేతికి ఎంత తక్కువ ఇస్తున్నారో అందులో ఉంటుంది. పిన్నికి ఆ పుస్తకం సంగతి తెలీదు, ఆ లెక్క మాత్రం బాగా తెలుసు. అందుకే మధ్యలో ఎవరూ లేకుండా తనే అమ్ముదామని నాలుగేళ్ల కిందట మొదలెట్టింది. చుట్టుపక్కల ఎనిమిదిమంది అల్లుతారు, పిన్ని లైనింగ్ కుట్టించి అమ్ముతుంది. నెలకి పదిహేను, ఇరవై ఆర్డర్లు. అంతకుమించి వద్దంటుంది, వేళ్లు నొప్పులట.

మొన్నమొన్నటిదాకా యూపీఐతోనే గడిచిపోయింది. 2020 జనవరి నుంచి యూపీఐ మీద వ్యాపారి దగ్గర ఎండీఆర్, అంటే ఆ లావాదేవీ చార్జీ తీసుకోకూడదన్నది ప్రభుత్వ నిర్ణయం. వంద పంపితే వందా పడుతుంది. ఇంతకంటే ఏం కావాలి?

కావాల్సి వచ్చింది. బెంగళూరు నుంచి ఒకమ్మాయి స్కాన్ చేస్తే పేమెంట్ ఫెయిల్. ఆమె యూపీఐకి లింక్ చేసింది రూపే క్రెడిట్ కార్డు. ఆ కార్డుతో షాపుల క్యూఆర్‌కి కట్టొచ్చు గానీ మామూలు మనుషుల ఖాతాకి పంపడం కుదరదు. పిన్ని క్యూఆర్ మామూలు మనిషిది. ఇంకొకరు “కార్డు తీసుకోరా ఆంటీ?” అనడిగారు. మూడో ఆవిడైతే అడగలేదు, నేరుగా క్రెడిట్ కార్డుని ముందూ వెనకా ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టేసింది. “మీరే వేసేసుకోండి ఆంటీ, ఓటీపీ చెప్తాను” అని కింద మెసేజ్!

పిన్ని ఆ ఫొటో భద్రంగా ఉంటుందని ఫ్యామిలీ గ్రూపులో పెట్టబోయింది. దేవుడున్నాడు, ముందు నాకు చెప్పింది.

తిట్టి డిలీట్ చేయించాను. వెనకవైపు ఉండే సీవీవీ నంబరుని లావాదేవీ అయ్యాక ఎంత పెద్ద కంపెనీ అయినా దాచకూడదు, కార్డు కంపెనీల భద్రతా నియమం అది. 2022 అక్టోబరు 1 నుంచైతే కార్డు నంబరు కూడా అమ్మేవాళ్ల దగ్గర ఉండకూడదని ఆర్‌బీఐ రూలు పెట్టింది. అందుకే మీ షాపింగ్ యాపుల్లో కార్డు బదులు టోకెన్ అనేది దాస్తారు. పెద్దపెద్ద సైట్లకే లేని అనుమతి పిన్ని ఫోన్ గ్యాలరీకి ఎక్కడిది? ఆవిడకీ సారీ చెప్పి, ఆ కార్డు బ్లాక్ చేసి కొత్తది తీసుకోమని చెప్పాం. ఆవిడ నొచ్చుకుంది. ఆర్డర్ కూడా పోయింది.

సరే, పేమెంట్ గేట్‌వే పెట్టేద్దాం అన్నాను. నేను రోజూ కోడ్ రాసేవాణ్నే కదా, రెండు గంటల పని అనుకున్నా. కోడ్ అసలు రాయాల్సిన పనే పడలేదు. నెలకి ఇరవై ఆర్డర్లకి వెబ్‌సైట్ ఎందుకు, పేమెంట్ లింక్ చాలు. మొత్తం టైప్ చేస్తే లింక్ వస్తుంది, వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లు ఆ కంపెనీ పేజీలోనే కార్డు నంబరు కొట్టుకుంటారు. మన కంటికి నంబరే కనబడదు.

రెండు వారాలు పట్టింది మాత్రం కేవైసీకి. పిన్ని పాన్ కార్డులో ఇంటిపేరు పూర్తిగా ఉంది, బ్యాంకు పుస్తకంలో ఒక్క అక్షరం. అందులోనూ ఒకటి పుట్టింటి ఇంటిపేరు, ఇంకోటి అత్తింటిది. కంప్యూటర్ దృష్టిలో ఆమె ఇద్దరు మనుషులు. తెలుగు ఆడవాళ్ల పేర్లని ఏ సాఫ్ట్‌వేరూ అర్థం చేసుకోలేదు, సాఫ్ట్‌వేర్ రాసేవాణ్ని కాబట్టి ధైర్యంగా చెప్తున్నా. బ్యాంకుకి మూడుసార్లు తిరిగి పేరు సరిచేయించుకుంది. మీరు మొదలెట్టబోతుంటే ముందు ఆ రెండు పేర్లూ పక్కపక్కన పెట్టుకుని చూసుకోండి.

ఇక చార్జీల సంగతి. మేం ఒప్పుకున్న రేటు రెండు శాతం, రెండు వేలు దాటిన కార్డు చెల్లింపైతే ఆ చార్జీ మీద 18 శాతం జీఎస్టీ. 1,500 రూపాయల టేబుల్ క్లాత్ అమ్మితే చార్జీ 30. చేతికొచ్చేది 1,470 రూపాయలు. అదీ అదే రోజు కాదు, రెండు మూడు పనిరోజులకి. శుక్రవారం సాయంత్రం అమ్మినది మంగళవారమో బుధవారమో పడుతుంది.

“ముప్ఫై రూపాయలా? ఒక దారపుండ పోయినట్టేరా” అంది పిన్ని. ఎవరికి పోతుందని అడిగింది. మంచి ప్రశ్న. అందులో పెద్ద వాటా కొన్నవాళ్ల కార్డు ఇచ్చిన బ్యాంకుకి వెళ్తుంది. వీసా, మాస్టర్‌కార్డ్ లాంటి నెట్‌వర్క్‌కి కొంత, మధ్యలో ఉన్న పేమెంట్ కంపెనీకి కొంత. డెబిట్ కార్డు మీదైతే 20 లక్షల లోపు టర్నోవరున్న చిన్న వ్యాపారి దగ్గర 0.40 శాతం మించి తీసుకోకూడదని ఆర్‌బీఐ 2018 నుంచి పరిమితి పెట్టింది. క్రెడిట్ కార్డుకి అలాంటి పరిమితి లేదు. మనం కార్డు గీకినప్పుడల్లా వచ్చే రివార్డ్ పాయింట్లు, లాంజ్‌లో ఉచిత ఇడ్లీ ఎవరి జేబులోంచి వస్తున్నాయో అప్పుడు వెలిగింది నాకు. కొంత మా పిన్ని దారపుండలోంచే.

ఇంకో చిన్న మెలిక ఉంది. సరుకు నచ్చలేదని డబ్బు తిరిగిచ్చేస్తే మొత్తం 1,500 ఇవ్వాలి, మన దగ్గర కోసుకున్న 30 మాత్రం తిరిగి రాదు. మాకైతే అంతే. మీరు సంతకం పెట్టేముందు ఆ లైను వెతికి చదవండి.

అప్పట్లో మా పోట్లాటంతా ఈ రెండు శాతం గురించే. ఒక కంపెనీ 2 అంటే ఇంకోటి 1.9 అంటుందని రాత్రిళ్లు కూర్చుని పోల్చాను. నెలకి పాతికవేల అమ్మకం మీద ఆ తేడా పాతిక రూపాయలు! ఆ పాతిక కోసం రెండు ఆదివారాలు తగలేశాను. అసలు చూడాల్సింది పక్కన పెట్టి.

అసలుది డిసెంబర్లో వచ్చింది. డల్లాస్‌లో ఉంటున్న ఒకమ్మాయి ఇన్‌స్టాలో చూసి మెసేజ్ పెట్టింది. రాజమండ్రిలో వాళ్ల నాన్నగారి షష్టిపూర్తి. రిటర్న్ గిఫ్టులుగా 60 లేసు పర్సులు కావాలి. ఒక్కోటి 300, పార్సిల్ ఖర్చుతో 18,400. పిన్ని ఒక్కసారిగా అంత పెద్ద ఆర్డర్ ఎప్పుడూ చూళ్లేదు. నేను విదేశీ కార్డులు తీసుకునే ఆప్షన్ విడిగా అప్లై చేసి తెప్పించాను. దాని రేటు మూడు శాతం, పన్నుతో కలిపి 651 రూపాయలు పోయాయి. పోతే పోనీ అనుకున్నాం.

డబ్బు పడింది. ఎనిమిదిమందీ పగలూ రాత్రీ అల్లారు. పర్సుకి 120 చొప్పున 7,200 పిన్ని ఎవరిది వాళ్లకి ఆ వారమే ఇచ్చేసింది. స్పీడ్ పోస్టులో రాజమండ్రి పంపితే మర్నాడే చేరాయి. ఫంక్షన్ ఫొటోలు కూడా వచ్చాయి, పర్సుల్లో పసుపు కుంకుమ పెట్టి పంచుతున్నవి. పిన్ని ఆ ఫొటో స్టేటస్ పెట్టుకుంది.

రెండు నెలల తర్వాత ఆ 18,400 వెనక్కి పోయింది.

దీన్ని చార్జ్‌బ్యాక్ అంటారు. కార్డు ఉన్న మనిషి తన బ్యాంకుకి ఫోన్ చేసి “ఈ లావాదేవీ నేను చెయ్యలేదు” అనో, “డబ్బు కట్టాను, సరుకు రాలేదు” అనో, “చెప్పింది ఒకటి, పంపింది ఇంకోటి” అనో ఫిర్యాదు చెయ్యొచ్చు. వీసా, మాస్టర్‌కార్డ్ నియమాల్లో చాలా రకాల ఫిర్యాదులకి 120 రోజుల దాకా గడువుంటుంది. ఆ బ్యాంకు డబ్బుని అమ్మినవాళ్ల వైపు నుంచి వెనక్కి లాగుతుంది. అమ్మినవాళ్లు నిజంగా పంపామని కాగితాలతో జవాబు చెప్పుకోవాలి. దానికి మాత్రం నాలుగు నెలలుండవు. పేమెంట్ కంపెనీ మనకిచ్చేది కొద్ది రోజులే. మాకిచ్చింది ఏడు రోజులు.

ఆ మెయిల్ వచ్చింది. పిన్ని పేరుతో నేనే సృష్టించిన జీమెయిల్‌కి. ఆ ఖాతా పిన్ని ఫోన్లో లేదు. నా లాప్‌టాప్‌లో, ఎప్పుడూ తెరవని రెండో ప్రొఫైల్లో ఉంది. గుర్తు చేస్తూ ఇంకో రెండు మెయిల్స్ కూడా వచ్చాయి. ఏడు రోజులు గడిచాయి, జవాబు లేదు కాబట్టి ఓడిపోయాం. తర్వాత వచ్చే ఆర్డర్ల డబ్బులోంచి కంపెనీ మినహాయించుకోవడం మొదలెట్టింది. అదీ నాలుగు ఆర్డర్ల కథ.

ఆఫీసులో సర్వర్ కాసేపు ఆగితే అర్ధరాత్రి ముగ్గురం లేస్తాం. అలర్ట్ మోగకపోతే మేనేజర్ తినేస్తాడు. సొంత పిన్ని డబ్బు దగ్గర అలర్టే పెట్టుకోలేదు. ఈ మాట ఆమెకి చెప్పడానికి సాయంత్రం దాకా ధైర్యం చాల్లేదు. చెప్పాక ఒక్క నిమిషం ఏమీ అనలేదు. తర్వాత, “ఈ నెల చీటీ కట్టాల్రా. ఎలాగోలా సర్దుతాలే” అంది. తిడితే బాగుండేది.

కానీ ఆ అమ్మాయి ఎందుకు అలా చేసినట్టు? ఫొటోలు కూడా పంపిన మనిషి! పిన్నికి అడగాలంటే మొహమాటం. నేనే మెసేజ్ పెట్టాను. అయిదు నిమిషాల్లో వీడియో కాల్ వచ్చింది, అక్కడ టైమెంతో కూడా చూసుకోలేదు పాపం. ఆమెకి అసలు ఏమీ తెలీదు. కార్డు వాళ్లాయనది. ఫిబ్రవరిలో ఆయన పాత స్టేట్‌మెంట్లు చూసుకుంటుంటే ఇండియా నుంచి ఎవరిదో పేరు, రెండొందల డాలర్ల పైన. మన ఇన్‌స్టా పేజీ పేరు ఒకటి, పాన్ కార్డు మీది పిన్ని పేరు ఇంకోటి. స్టేట్‌మెంట్లో పడేది ఆ రెండోది, అదీ సగంలో తెగిపోయి. ఆయన భార్యని అడగలేదు. యాప్‌లో ‘ఇది నాది కాదు’ అనే బటన్ నొక్కేశాడు. అంతే. మోసం లేదు, దురుద్దేశం లేదు. మొగుడూ పెళ్లాలు ఒక్క మాట అనుకోకపోవడం వల్ల నరసాపురంలో చీటీ ఆగింది.

మరి ఓటీపీ ఉంటుంది కదా అంటారేమో. మన దేశంలో ఇచ్చిన కార్డులకి ఆన్‌లైన్లో రెండో ధ్రువీకరణ ఉండాలని ఆర్‌బీఐ 2009 నుంచీ పట్టుబట్టింది. అలా ఓటీపీతో ధ్రువీకరణ అయిన లావాదేవీని తర్వాత “నేను చెయ్యలేదు” అంటే, సాధారణంగా ఆ నష్టం కార్డు ఇచ్చిన బ్యాంకుదే అవుతుంది, అమ్మినవాళ్లది కాదు. చిన్న అమ్మకందారుకి ఇంతకంటే పెద్ద గొడుగు లేదు. కానీ విదేశీ కార్డులకి ఆ పద్ధతి తప్పనిసరి కాదు. నంబరు, తేదీ, సీవీవీ కొడితే చాలాసార్లు డబ్బు కదిలిపోతుంది. ఆ అమ్మాయి కట్టినప్పుడూ అంతే, ఓటీపీ అడగలేదు. పైగా కార్డు డల్లాస్‌ది, పార్సిల్ రాజమండ్రికి. బ్యాంకువాడి కళ్లతో చూస్తే దొంగ కార్డు లక్షణాలన్నీ ఉన్నాయి.

ఓటీపీ ఉన్నా అన్నిటికీ పనికిరాదు. “సరుకు రాలేదు” అనే ఫిర్యాదుకి అది జవాబు కాదు. అక్కడ కావాల్సింది డెలివరీ అయినట్టు రుజువు.

చార్జ్‌బ్యాక్ చెడ్డదని నేననను. ఒకసారి నేను బుక్ చేసిన రూము అక్కడికెళ్తే లేనేలేదు, డబ్బు ఇవ్వమన్నారు. అప్పుడు ఇదే బటన్ నొక్కి తెచ్చుకున్నాను. కొనేవాళ్లకి అది ఉండాల్సిందే. కాకపోతే ఆ బటన్‌కి అవతల లాయర్లున్న పెద్ద కంపెనీ ఉందా, అల్లిక సూది పట్టుకున్న మా పిన్ని ఉందా అన్నది దానికి తెలీదు. రూల్ ఇద్దరికీ ఒకటే, గడువూ ఒకటే.

ఆ రోజు నుంచి కొన్ని మార్చాం. ఆ జీమెయిల్ ఇప్పుడు పిన్ని ఫోన్లోనూ నా ఫోన్లోనూ ఉంది. ‘డిస్ప్యూట్’ అనే మాటతో మెయిల్ వస్తే నా ఫోన్ అర్ధరాత్రైనా మోగుతుంది. కార్డు స్టేట్‌మెంట్లో పడే పేరుని మార్చమని పేమెంట్ కంపెనీకి రాస్తే పేజీ పేరు చేర్చారు. అయినా నమ్మకం లేక, డబ్బు అందగానే పిన్ని ఒక మెసేజ్ పెడుతుంది: “మీ కార్డు బిల్లులో ఈ పేరుతో వస్తుందమ్మా, ఇంట్లో కూడా చెప్పండి”. ఆ చివరి మాట పిన్నే చేర్చింది. మొత్తం ఏర్పాటులో బాగా పనిచేసేది అదేనని నా అనుమానం.

పార్సిల్ పంపిన రసీదు, ట్రాకింగ్‌లో ‘డెలివర్డ్’ అని వచ్చిన రోజే స్క్రీన్‌షాట్, వాట్సాప్ మాటలు అన్నీ ఆర్డరుకొక ఫోల్డర్లో. ట్రాకింగ్ పేజీ ఎప్పుడు కావాలంటే అప్పుడు తెరుచుకుంటుందని నమ్ముకోకూడదు. కార్డున్న దేశం ఒకటి, పార్సిల్ వెళ్లే చోటు ఇంకోటి అయితే ముందే కొన్నవాళ్ల చేత “ఫలానా వాళ్లింటికి పంపమని నేనే చెప్పాను” అని రాయించుకుంటున్నాం. అయిదు వేలు దాటితే మన దేశపు కార్డో యూపీఐయో ఉన్న చుట్టాలెవరైనా ఉన్నారా అని మొహమాటం లేకుండా అడుగుతోంది పిన్ని. అమెరికాలో ఉన్నవాళ్లకి ఇండియాలో చుట్టాలు లేకపోవడమేంటి!

ఇంకోటి, దీన్ని పిన్ని ఒప్పుకోవడానికి చాలా రోజులు పట్టింది. విదేశీ కార్డు మీద వచ్చిన పెద్ద మొత్తాన్ని నాలుగు నెలలు లాభంగా లెక్కెయ్యం. అల్లినవాళ్ల కూలి ఎప్పట్లాగే ఆ వారమే ఇచ్చేస్తుంది, అందులో మార్పు లేదు. తన వాటా మాత్రం విడిగా ఉంటుంది. “పడిన డబ్బుని ముట్టుకోకూడదంటే అది నా డబ్బెలా అవుతుందిరా?” అనడిగింది. నా దగ్గర జవాబు లేదు. కార్డు డబ్బు అలాగే ఉంటుంది పిన్నీ అన్నాను.

మరి ఆ 18,400? డల్లాస్ ఆయన చాలా సిగ్గుపడ్డాడు. బ్యాంకుకి ఫోన్ చేశాడు. కేసు మూసేశామని, ఆయన డబ్బు ఆయనకి వేసేశామని వాళ్లన్నారు. మళ్లీ లింక్ పంపండి కడతానన్నాడు. ఇంకో 651 పోతాయని పిన్ని వద్దంది, నాకు మళ్లీ ఆ కార్డంటేనే భయమేసింది. ఈ తర్జనభర్జనలో వారం గడిచింది.

ఆదివారం మధ్యాహ్నం రాజమండ్రి నుంచి బస్సులో ఆ అమ్మాయి వాళ్లమ్మగారు దిగారు. చేతిలో మా పిన్ని పంపిన లేసు పర్సుల్లో ఒకటి. “అల్లుడుగారు తెలీక చేశారు, ఏమీ అనుకోకండి వదినగారూ” అని అందులోంచి నోట్ల కట్ట తీసి, 18,400 లెక్కపెట్టి పిన్ని చేతిలో పెట్టారు. పిన్ని కాఫీ ఇచ్చి, బొట్టు పెట్టి, జాకెట్టు ముక్క పెట్టి పంపింది. ఆ రాత్రి నాకు ఫోన్ చేసి, “ఇది మాత్రం వెనక్కి పోదు కదరా?” అంది.